ఏడాదికొక చుట్టు

2011 సెప్టెంబరు 20, జనగామ

భావి తరాల కోసం వినయంగా నమోదు చేస్తున్నాను: ఒక మహా శాస్త్రజ్ఞుడు అవతరించాడు. అంటే నేనే.

తెలంగాణ సమ్మెతో యూనివర్సిటీ బంద్. గైడు సారు ఇచ్చిన నాలుగేళ్ల టెలిస్కోప్ డేటా లాప్‌టాప్‌లో ఇంటికి వెంట తెచ్చుకున్నాను. అందులో ఒక పల్సార్. గడియారంలా టిక్కుటిక్కుమనే చుక్క. కొన్ని నెలలు టిక్కులు ముందుగా వస్తాయి, కొన్ని నెలలు ఆలస్యంగా. అంటే పక్కన కనబడని చుక్క ఇంకోటి ఉండి దాన్ని లాగుతోందన్నమాట. జంట! ఏడాదికొక చుట్టు.

సెప్టెంబరు 22

దీక్షా టెంటులో మైకు దొరికింది. దొరికితే ఊరుకుంటానా? కనబడని ఆ రెండో చుక్కకు ప్రకాశ్ పేరు పెడుతున్నానని ప్రకటించాను. ప్రకాశ్ నిరుడు తెలంగాణ కోసమని ప్రాణం విడిచినవాడు. వాళ్లమ్మ యాదమ్మ రోజూ టెంటులో ముందు వరుసలో కూర్చుంటుంది.

ఒకటే చప్పట్లు. మన సైంటిస్టుకు ఇంకో చాయ్ పొయ్యుండ్రి అన్నాడు టెంటు నడిపే పాపయ్యన్న. యాదమ్మ మాత్రం దగ్గరికొచ్చి, ఎన్నొద్దులకు తిరిగొస్తడు బిడ్డా అని అడిగింది. ఏడాదికి అవ్వా అన్నాను. అచ్చం సంవత్సరీకం లెక్కనే అంది.

సెప్టెంబరు 30

ఇప్పుడు ఏ దిక్కున ఉన్నడని యాదమ్మ రోజూ అడుగుతోంది. రోజూ ఏదో ఒక దిక్కు చూపిస్తున్నాను.

అక్టోబరు 5

మహబూబాబాద్‌లో ఉన్న లాబ్‌మేట్ జువేరియాకు ఫోన్ చేశాను, గొప్పలు చెప్పుకోవడానికే. అంతా విని, సరిగ్గ ఏడాదేనా, జర కూడ అటూ ఇటూ లేదా, భూమి తిరుగుడు లెక్క తీసేసినవా లేదా అని అడిగింది.

తీసేయలేదు.

సూర్యుడి చుట్టూ తిరుగుతూ మనమే ఆ చుక్కకు ఆర్నెల్లు దగ్గరవుతాం, ఆర్నెల్లు దూరమవుతాం. టిక్కులు ముందూ వెనకా అయ్యేది అందుకే. ఫస్ట్ సెమిస్టర్ పాఠం. ఆ లెక్క తీసేయగానే టిక్కులన్నీ బుద్ధిగా వరుసలో నిలబడ్డాయి. చుక్క ఒంటరిది. పక్కన ఎవరూ లేరు. ఊగింది మనమే.

తిరిగేది మనమని మూడో తరగతిల చెప్పలేదా హీరో అని జువేరియా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. తర్వాత యాదమ్మ గుర్తొచ్చింది.

అక్టోబరు 8

యాదమ్మ ఇంటికెళ్లి, ఆ రెండో చుక్క లేనే లేదని చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి మధ్యలో జోకేశాను, వెధవని.

రేపే ప్రకాశ్ సంవత్సరీకం. ఆమె బియ్యం చెరగడం ఆపలేదు. బస్సుల్లేకున్నా రేగొండ నుంచి చుట్టాలు ట్రాక్టర్ కట్టుకొని వస్తున్నరు, చుక్క సంగతి చెప్పే పిలిచిన, రేపటి దాక ఆగు బిడ్డా అంది.

అక్టోబరు 9

టెంటులో, వచ్చిన చుట్టాలందరి ముందు, మైకు మళ్లీ నా చేతికిచ్చారు. ముందు వరుసలోంచి యాదమ్మే, ఏమీ తెలియనట్టు, అందరికీ వినబడేలా అడిగింది: యాడాదికోసారి వస్తడు కదా బిడ్డా అని.

వస్తడు అవ్వా.