ట్రైలర్‌లో ఏడ్చినవాడు

ప్రియమైన బాబాయ్‌కి,

షూటింగ్ మొదలై పదకొండు రోజులైంది. ఫోన్ చెయ్యడం లేదని అమ్మ నీ దగ్గర సణిగే ఉంటుంది. ఫోన్‌లో అవతలివాళ్లు ఎప్పుడు ఆపుతారో నాకు తెలియదు. ఉత్తరానికైతే చివర సంతకం ఉంటుంది.

ముందు డైరెక్టర్ సంగతి చెప్పాలి. గది నిండా దుప్పట్లు వేలాడదీసుకుని నేనొక్కణ్ణే రికార్డు చేసుకున్న నాలుగు ఆల్బమ్‌లూ విని, "ఈ పాత్రకి నువ్వు తప్ప ఇంకెవరూ పనికిరారు" అని నన్ను తీసుకున్న మనిషి ఇతను. పాత్ర కూడా నాలాంటివాడే, ఆటిజం ఉన్న ర్యాపర్. నిన్న మానిటర్ ముందు కూర్చుని, "బాగుంది గానీ, ఇంకొంచెం ఆటిజం కావాలి" అన్నాడు. కూరలో ఉప్పు అడిగినట్టు అడిగాడు. ఎంత కావాలన్నాను. ఎగతాళికి అనలేదు, కొలత చెబితే ప్రయత్నిద్దామని అడిగాను. యూనిట్ అంతా పళ్లికిలించింది. ఇప్పుడు నాకు ఆటిజం నేర్పడానికి ఒక నాటకాల మాస్టారిని పెట్టారు. చేతులు ఎలా ఊపాలో ఆయన రోజూ గంటసేపు చూపిస్తాడు. నేను చేతులు ఊపను, బొటనవేలితో మిగతా వేళ్ల మీద టకటకా తాళం వేసుకుంటాను. అది కెమెరాకి ఆనదట.

ఒక్క సీను మాత్రం ఎవరో తెలివైనవాళ్లు రాశారు. డాక్టరు ఆ ర్యాపర్ కుర్రాడి ఎదుటే వాళ్లమ్మని "వీడికేం ఇష్టం?" అని అడుగుతాడు. వాడు, "నన్నడగండి. నేనిక్కడే ఉన్నాను" అంటాడు. నేను ఈ సినిమాకి ఒప్పుకున్నదే ఆ మాట కోసం. ఇన్నేళ్లూ నా బదులు అందరూ మాట్లాడారు, టీచర్ల దగ్గర్నుంచి పక్కింటావిడ దాకా. అమ్మయితే మరీను, నేను నోరు తెరిచేలోగా రెండు జవాబులు చెప్పేస్తుంది. ఆ ఒక్కచోట నా గొంతు వినపడితే చాలు, మిగతా సినిమా ఏమైపోయినా నాకు బాధ లేదు.

తర్వాత డబ్బింగ్ చెప్పాలన్నారు. అది నీ పని కదా. ఆ గది ఎలా ఉంటుందో, హెడ్‌ఫోన్లు చెవుల్ని ఎంత నొక్కుతాయో వివరంగా రాయి.

నీ అన్నకొడుకు,
టకటక

*

ప్రియమైన టకటకగాడికి,

నీ ఉత్తరం మీ పిన్నికి చదివి వినిపించాను. ఉప్పు దగ్గర ఇద్దరం కాసేపు నవ్వుకుని, తర్వాత మళ్లీ మొదటినుంచీ చదువుకున్నాం.

ఒరేయ్, నేను ఇరవై ఎనిమిదేళ్లుగా మొద్దు మొహాలకి మాటలు పోస్తున్నవాణ్ణి. ఒక హీరో ఉన్నాడు, పేరెందుకులే, డైలాగు గుర్తుండక సెట్‌లో ఒకటి రెండు మూడు అని అంకెలు చదువుతాడు. ఆ అంకెల మీద నేను ప్రేమా కన్నీళ్లూ పలికించాలి. తర్వాత వాడు వేదికెక్కి తన నటన గురించి ముప్పావుగంట మాట్లాడతాడు. నీ డైరెక్టర్ కూడా ఆ తానులో ముక్కే.

డబ్బింగ్ గది చిన్నది. గోడలకి మెత్తటి గుడ్డ, ముందు తెర, మధ్యలో మైకు. అద్దం అవతల ఇంజనీరు, వాడి పక్కన డైరెక్టర్ కూర్చుంటారు. ముక్కముక్కగా వేసి చూపిస్తారు, పెదాలు చూసుకుంటూ చెప్పడమే. హెడ్‌ఫోన్లు బిగుతే, కానీ ఒక చెవికి తీసేసుకోవచ్చు, నేనూ అంతే. పిలిచిన రోజు నాకు కబురు పెట్టు. పక్కనే ఉంటాను. నీ గొంతు జోలికి ఎవడైనా వస్తే వాడి సంగతి నేను చూస్తాను.

ప్రేమతో,
బాబాయ్

*

ప్రియమైన బాబాయ్‌కి,

డబ్బింగ్‌కి పిలుస్తామన్నారు. రెండు నెలలు పెట్టె సర్దుకుని కూర్చున్నాను. పిలవలేదు. నిన్న ట్రైలర్ వచ్చింది.

మొహం నాదే. గొంతు నాది కాదు. ఎవరో పెద్దమనిషి చిన్నపిల్లాడిలా గునుస్తూ, తడబడుతూ, ముక్కు ఎగబీలుస్తూ, "న... నన్నడగండీ" అని ఏడుస్తున్నాడు. నేను ఆ సీనులో ఏడవలేదు. నా కళ్లు పొడిగా ఉన్నాయి, కావాలంటే తెర ఆపి చూడు. పొడి కళ్లవాడి నోట్లోంచి తడి గొంతు వస్తోంది.

సినిమా ఆఫీసుకి వెళ్లాను. మేనేజర్ నా భుజం తట్టబోయి, నేను జరిగితే బల్ల తట్టి, "నీ గొంతు మరీ చప్పగా ఉంది తమ్ముడూ, జనానికి జాలి పుట్టదు" అన్నాడు. జాలి పుట్టించే పనికి నేను సంతకం పెట్టలేదని చెప్పాను. చెబుతుండగానే అతను కాఫీ తెమ్మని ఎవరికో కేకేశాడు. నేను వేదికెక్కితే నా ర్యాప్‌తో మూడొందల మందిని గంటన్నరసేపు నిలబెట్టి వినిపించేవాణ్ణి. ఈ మనిషికి ఒక్క వాక్యం వినిపించలేకపోయాను.

అక్కడ డబ్బింగ్ చెప్పేవాళ్లందరూ నీకు తెలుసు. ఆ గొంతు ఎవరిదో కనుక్కుని రాయి.

టకటక

*

ప్రియమైన టకటకకి,

ఐదు వారాలు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఈలోగా సినిమా కూడా వచ్చేసింది. ఒళ్లు బాగోలేదు, పైగా పని ఒత్తిడి.

ఆ డబ్బింగ్ చెప్పినవాడి గురించి అడిగాను. ఎవరూ నోరు విప్పడం లేదు. ఎవడో సిగ్గూ శరమూ లేని వెధవ అయి ఉంటాడు. అరువు మొహాల వెనక దాక్కుని బతికే రకం. తనకంటూ ఒక్క మాట లేనివాడు, ఎవడేం అడిగితే అది కక్కుతాడు, ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటాడు. వాడికి గొంతుందేమో గానీ చెవుల్లేవు. వాణ్ణి ఎంత తిట్టినా నాకు కసి తీరదు.

కానీ ఒకటి ఆలోచించు. వాడు కాకపోతే ఇంకొకడు చెప్పేవాడు. వాడికీ ఏదో ఇబ్బంది ఉండి ఉంటుంది. ఈ మధ్య మా వయసువాళ్లని పిలిచే దిక్కు లేదు, ఎవరో ఒకరు పిలిస్తే పరిగెత్తుకు వెళతాం. సినిమా బాగా ఆడుతోందట. రేపు నీకు ఇంకో పది వేషాలొస్తాయి. ఆ వెధవ ఎవడైతే మనకెందుకు, వదిలెయ్.

మీ పిన్ని నిన్ను అడిగానని రాయమంది.

బాబాయ్

*

బాబాయ్‌కి,

ప్రియమైన అని ఈసారి రాయడం లేదు.

ట్రైలర్ మొదటిసారి విన్నప్పుడే నువ్వని తెలుసు. మాట ఎత్తుకునేముందు నువ్వు ముక్కుతో పొట్టి ఊపిరి ఒకటి లాగుతావు. పిన్ని భోజనానికి పిలిస్తే "వస్తున్నా" అనేముందు కూడా లాగుతావు. జవాబు తెలిసిన ప్రశ్న అడగడం మీ అందరి అలవాటు, నాకు చేతకాదు. ఈసారి అడిగి చూశాను. ఒప్పుకోవడానికి ఒక్క మాట చాలు, నువ్వు పేజీ నిండా నిన్ను నువ్వే తిట్టుకున్నావు. తిట్లు బాగా కుదిరాయి. నాలుగు పాటలకి సరిపోతాయి.

పని ఒప్పుకున్నందుకు నాకు కోపం లేదు. ఆ మాట చెప్పిన తీరుకి కోపం. డైరెక్టర్‌కి నేనెవరో తెలియదు, ఆ మేనేజర్‌కి కాఫీ తప్ప ఏమీ తెలియదు. నీకు తెలుసు. ఇరవై ఆరేళ్లు నా పక్కన కూర్చుని నువ్వు విన్నది ఆ ఏడుపేనా?

ఇంకో సంగతి. ఆటిజం మీద అవగాహన పెంచే సంఘమొకటి 'అత్యంత సహజమైన గాత్రం' అని నీకు అవార్డు ఇస్తోంది. నీ చేతికి అందించడానికి నన్ను పిలిచారు. మన చుట్టరికం వాళ్లకి తెలియదు. వస్తానన్నాను. ఆ 'నన్నడగండి' మాట మనిద్దర్నీ వేదిక మీద చెప్పమంటారట. ముందు నేను చెబుతాను. తర్వాత నీ ఇష్టం.

టకటక

*

ప్రియమైన టకటకకి,

నేనే.

మొదటి టేకు నీలాగే చెప్పాను. నిన్ను తలుచుకుని, సాగదియ్యకుండా, గబుక్కున. అద్దం అవతల డైరెక్టర్ తల కొట్టుకుని, "శవం మాట్లాడినట్టుంది, ఏడవండి సార్" అన్నాడు. రెండో టేకు ఏడ్చాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. పదినెలల తర్వాత వచ్చిన పిలుపు, జారిపోతుందని భయపడ్డాను. అంతకంటే గొప్ప కారణం వెతికాను, దొరకలేదు.

ఆ సభకి నేను రాను. నీ పక్కన మైకు పట్టుకునే మొహం నాకు లేదు.

బాబాయ్

*

ప్రియమైన బాబాయ్‌కి,

రానని రాసి వచ్చావు. చెప్పకుండా మెట్లు దిగి వెళ్లిపోయావు. అందుకని తర్వాత జరిగింది నీకు తెలియదు. ముందు జరిగింది తెలుసు, అయినా మొదటినుంచీ రాస్తాను. మధ్యలోంచి ఎత్తుకోవడం నాకు కుదరదు.

ఆ మాట ముందు నేను చెప్పాను. ఎప్పుడూ మాట్లాడినట్టే చెప్పాను. తొమ్మిదిమంది చప్పట్లు కొట్టారు, అందులో అమ్మ ఒకతి. యాంకరమ్మ నా చేతిలోంచి మైకు లాక్కుని, "చక్కటి ప్రయత్నం, ఇప్పుడు అసలు గొంతు విందాం" అంటూ నీకిచ్చింది. ఆటిజం మీద వాళ్లకున్న అవగాహన అంత.

నువ్వు చెప్పావు. ఏడవలేదు, సాగదియ్యలేదు. "నన్నడగండి. నేనిక్కడే ఉన్నాను." అచ్చం నేనే. ఎత్తుకునేముందు ఊపిరి కూడా లాగలేదు. హాల్లో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో ఎవరో మైకు పాడైందన్నారు. నువ్వు అవార్డు బల్ల మీదే వదిలేసి దిగిపోయావు.

తర్వాత సంఘం అధ్యక్షురాలు మా దగ్గరికి వచ్చింది. నేను ఆవిడకి రెండడుగుల దూరంలో ఉన్నాను. నా తల మీదుగా అమ్మని చూస్తూ, "బాబుకి ఇలాంటి సభలు ఇబ్బందిగా ఉంటాయా?" అంది. అమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. నా వైపు తిరిగి, ఊరికే నిలబడింది. నాకు మాట రావడానికి పదిహేను సెకన్లు పట్టింది, అమ్మ అంతసేపూ ఆగింది. ఇంతకుముందు ఒక్కసారి కూడా ఆగలేదు.

"ఇబ్బందిగానే ఉంది, ముఖ్యంగా మీతో" అన్నాను. ఆవిడ మొహం మాడిపోయింది. దారి పొడుగునా అమ్మ నవ్వుతూనే ఉంది.

సినిమాలో నీ ఏడుపు అలాగే ఉంది. అది ఇంక పోదు. నేను చచ్చాక కూడా నా మొహం మీద నువ్వు ఏడుస్తూనే ఉంటావు. దాన్ని నేను క్షమించలేదు, క్షమిస్తానని ఎదురుచూడకు. ఆ అవార్డు చూడ్డానికి దరిద్రంగా ఉంది, సంఘం వాళ్లకే తిరిగి పంపించేశాను.

కానీ బాబాయ్, నువ్వు వేదిక మీద నాలా మాట్లాడినప్పుడు నా గొంతు మొదటిసారి బయటినుంచి విన్నాను. అది చప్పగా లేదు. ఇన్నేళ్లలో నన్ను సరిగ్గా విన్నవాళ్లు ఒకరున్నారని అప్పుడు తెలిసింది. అందుకే ఆ రెండో టేకు నాకింకా నొప్పిగా ఉంది.

నీ అన్నకొడుకు,
టకటక