హాల్లోకి తెల్ల తివాచీ

జనవరి 19
జాకెట్లు కొలిచే టేపుతోనే హాలు కొలిచాను. సోఫా ముందు పొడవు తొమ్మిదడుగులు, వెడల్పు ఆరు. తివాచీ కొంటానంటే ఈయన నవ్వారు. ఇంకో నెలలో మిర్చి టిక్కీలు దిగుతాయి, వాటి కింద పరవటానికా అని... నవ్వనీ.

జనవరి 20
గోడకి నడుమెత్తు దాకా ఎర్ర చార. రెండుసార్లు పెయింటు వేయించినా పోలేదు. నేను కాపురానికొచ్చిన పన్నెండేళ్లుగా ఏటా ఆ టిక్కీ బస్తాలు నా హాల్లోనే — రేటు పెరిగేదాకా. వేసవంతా నేనూ అత్తయ్యా వంటింట్లో. చుట్టాలొస్తే వరండాలో కుర్చీలు. కోల్డ్ స్టోరేజీలో పెట్టండి అంటే, మన సరుకు మన కళ్ల ముందుండాలి అంటారు. ఇల్లు కట్టుకున్నది మనుషులకా, మిరపకాయలకా?

జనవరి 24
డాక్టరు ఈసారి నా దగ్గుకి నోట్లోకి పీల్చుకునే మందు రాశాడు. కారం ఘాటుకి దూరంగా ఉండాలట. ఎక్కడుంటానో అడగలేదు. నవ్వొచ్చింది, ఆటో ఎక్కాక కోపమొచ్చింది.

జనవరి 29
చీరాల. ఒక్కదాన్నే.
బొచ్చువి వద్దన్నాను — దులపటానికే ఓ మనిషి కావాలి. మగ్గం మీద నేసిన నూలువి తీయమన్నాను. షాపాయన ఊరడిగాడు. సత్తెనపల్లి దగ్గర అనగానే ఎర్రది పరిచాడు, నల్లంచుది. మిర్చి ఊళ్లవాళ్లందరూ అదే తీసుకెళ్తారట. "కారం పడినా కనపడదమ్మా."
అబద్ధమెందుకు, బాగుంది. చెయ్యి దాని మీదికే పోయింది. కానీ ఎర్రది కొంటే టిక్కీలకి నేనే పీట వేసి కూర్చోబెట్టినట్టు.
"తెల్లది తీయండి."
"మాసిపోద్దమ్మా."
"మాయదు. మా ఇంట్లో మిర్చి దించరు."
అనేశాను. బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది, ఆ మాట ఈయనకి ఇంకా చెప్పనే లేదని.

జనవరి 30
పరిచాను. ఈయన అంచు పక్కనుంచి నడిచి వెళ్లిపోయారు. అత్తయ్య మాత్రం బుగ్గన చెయ్యి పెట్టుకుంది. తెల్లదా, మతి పోయిందా అని. ఒక కాలు పెట్టి చూసి తీసేసింది.

ఫిబ్రవరి 2
మధ్యాహ్నం తివాచీ మీద కాళ్లు చాపుకుని అత్తయ్య వత్తులు చేసుకుంటోంది. నన్ను చూసి — గచ్చు చల్లగా ఉందే, అందుకని. సరే, అందుకే.

ఫిబ్రవరి 11
ఈ ఒక్క ఏడాదికి అన్నారు ఈయన. ఏటా అదే మాట. కోల్డ్ స్టోరేజీలో ఖాళీ లేదట. అడిగారా అన్నాను. అడగలేదు. ఆయన కష్టం నాకు తెలియనిదా, కాయ కోసిన చేతుల్లో నావీ ఉన్నాయి. కానీ ఊపిరి కూడా నాదే. ఈ తివాచీ చుట్టను.

ఫిబ్రవరి 16
పొద్దున్నే ట్రాక్టరు వచ్చింది. తివాచీ చుట్టెయ్యమని గుమ్మంలోంచి కేక. వచ్చి మధ్యలో కూర్చున్నాను, ఈ డైరీ పట్టుకుని. ఏం రాస్తున్నావు అన్నారు. రాస్తూనే ఉన్నాను.
అత్తయ్య వంటింట్లోంచి వచ్చింది. లే అంటుందనుకున్నాను. మోకాళ్లు పట్టుకుని నా పక్కనే కూలబడింది. కొడుకు వైపు చూసి, మెల్లగానే —
"నలభై ఏళ్లు దగ్గానురా. ముందు నన్ను లేపు, తర్వాత దించుకో."
ఆమె దగ్గుతుందని నాకు తెలుసు. ఎప్పుడూ అనలేదని ఇప్పుడే తెలిసింది. ఏడుపొచ్చింది నాకు.
ఈయన భుజాన ఉన్న టిక్కీని గుమ్మం అవతలే దించారు. చెప్పులు విప్పలేదు, లోపలికి రాలేదు. ఫోను చెవిన పెట్టుకున్నారు. 'ఖాళీ ఉందా' అన్నదొక్కటే వినపడింది, మిగతాది లేదు — ట్రాక్టరు ఇంజను ఇంకా ఆపలేదు...