తింటున్నవాళ్లకు చెప్పే మాట

టొరంటో, మంగళవారం

ఎలోదియా అక్కా,

క్షేమంగా ఉన్నాను. నువ్వు భయపడ్డట్టు నన్నెవరూ ఎత్తుకుపోలేదు. యాభై నాలుగేళ్లదాన్ని తీసుకెళ్లి ఏం చేసుకుంటారు? పగలంతా ఊరు తిరిగి, బసకు ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో తింటున్నాను. మొదటి రోజు తిని లేస్తూ, మన ఊరు ఎత్లాలో లాగే, ప్రతి బల్ల దగ్గరా ఆగి "తృప్తిగా తినండి" అని చెప్పుకుంటూ వచ్చాను. అందరూ బిత్తరపోయి చూశారు. ఒక ముసలాయన తన ఖాళీ పళ్లెం నా చేతికిచ్చాడు. దాన్ని వంటింట్లో ఇచ్చి వచ్చాను. మర్నాటి నుంచి నోరు మూసుకుని బయటికి నడిచాను. తిన్నది అరగలేదు.

ఇవాళ నేను తింటుంటే, ఆ పళ్లెం ఆయనే వెళ్లిపోతూ నా బల్ల దగ్గర ఆగాడు. "నిన్నా మొన్నా ఏమీ చెప్పకుండా వెళ్లిపోయారేమండీ? ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

నా బంతి మొక్కలకు నీళ్లు పోస్తున్నావా? వంటింటి తలుపు గడియ బాగు చేయించావా? నీ ఎర్ర పుంజును బాగా మేపు. మూడు రోజుల్లో పారిపోయి వస్తానని దాన్ని పందెం కాశావు, ఇవాళ నాలుగో రోజు.

పిల్లలకు ముద్దులు. ఈ కార్డు వచ్చేసరికి నువ్వు భోజనం చేస్తూ ఉంటే, తృప్తిగా తిను.

నీ చెల్లి,
హసింత