పరదా లోపలి లెన్సు

జల్‌పల్లి,
నవంబర్ 4

ప్రియమైన అన్నయ్యకు,

ఫోన్ చేస్తే సగం నా మాట వింటావు, సగం కొట్లో కస్టమర్ మాట వింటావు. అందుకే రాస్తున్నాను. ఈసారైనా పూర్తిగా చదువు.

హుస్సేనీ ఆలంలో రఫియా బేగం గారి పెద్దకూతురి పెళ్లికి పని ఒప్పుకున్నాను. ఆడవాళ్ల వైపు ఫొటోలన్నీ నేనే తీయాలి. పెళ్లికూతురికి పసుపు పూసే మాంఝా పట్టపగలే జరుగుతుంది కానీ, మగవాళ్ల కంట పడకుండా కిటికీలకు దుప్పట్లు కడతారు. లోపల ఒక్కటే బల్బు. ఫ్లాష్ వేస్తే అందరూ కళ్లు మూసేస్తారు. నా లెన్సేమో ఆ చీకట్లో ఫోకస్ వెతుక్కునేసరికి నవ్వే మొహం కాస్తా అటు తిరిగిపోతుంది.

నీ కొట్లో అద్దెకిచ్చే లెన్సుల్లో ఏది పంపుతావు? ఒక షరతు కూడా ఉంది. ఆ ఇల్లు దాటే ముందే కెమెరాలోని మెమరీ కార్డు ఆవిడ చేతిలో పెట్టేయాలి. ఒక్క ఫొటో కూడా నా దగ్గర ఉండకూడదు. పరదా పాటించే ఇళ్లకు నన్ను పిలిచేదే ఆ నమ్మకంతో.

నీ చెల్లెలు
మైథిలి


విజయవాడ,
నవంబర్ 9

మా మొండిఘటం మైథిలికి,

రెండు లెన్సులు ముందు పెట్టుకుని ఆలోచించాను. 1.4ది తనంతట తానే ఫోకస్ చేస్తుంది, కానీ మీ గదిలో అదీ తడుముకుంటుంది. అందుకే ఈ 0.95 పంపుతున్నాను; అంకె ఎంత తగ్గితే లెన్సు అంత వెలుగు లాక్కుంటుంది. గోడకు ఆనుకుని తీసినా పదిమందీ పడతారు, బల్బు వెలుగే బోలెడవుతుంది. ఫోకస్ మాత్రం నువ్వే చేత్తో తిప్పుకోవాలి. లెన్సు కంత పూర్తిగా తెరిచి దగ్గర్నుంచి తీస్తే, కన్ను స్పష్టంగా వచ్చినా చెవి మసకబారుతుంది. అంచుల్లో మొహాలు సాగుతాయి. బొద్దుగా ఉన్న అత్తగారిని అంచున నిలబెట్టి తిట్లు తినకు.

కెమెరాలో రెండో కార్డు కూడా వేసుకో, ప్రతి ఫొటో రెండింట్లోనూ పడుతుంది. ఒకటి పాడైతే పెళ్లి మళ్లీ చేయరు.

ఇంకో మాట. బెంగళూరులో పెద్ద పెళ్లిళ్ల కంపెనీ ఒకటి ఆడ ఫొటోగ్రాఫర్లను ఉద్యోగంలోకి తీసుకుంటోంది. తక్కువ వెలుతురులో తీసిన పది ఫొటోలు నెలాఖరులోగా పంపాలి. ఆ జిరాక్స్ షాపులో పాస్‌పోర్టు ఫొటోలు తీసే ఖర్మ ఇంకెన్నాళ్లే?

అన్నయ్య
రఘురామ్


జల్‌పల్లి,
నవంబర్ 19

అన్నయ్యా,

నీ లెన్సు బంగారం. మొదటి గంట ఫోకస్ తప్పుతూనే ఉంది. తర్వాత వేళ్లే దూరం కొలుచుకున్నాయి.

కానీ పెద్ద పొరపాటు జరిగింది. నువ్వు చెప్పావని రెండో కార్డు వేశాను, అలవాటు కొద్దీ మొదటిది తీసి బేగం గారికిచ్చి వచ్చేశాను. ఇంటికొచ్చి చూస్తే రెండో దాంట్లో అన్నీ ఉన్నాయి. మర్నాడే తిరిగివ్వాల్సింది. ఇవ్వలేదు. వారం నుంచి తలుపు గడియపెట్టి వాటినే చూస్తున్నాను. ఒక ఫొటో ఉంది, అంతకన్నా మంచిది నేను తీయలేదు, తీస్తానో లేదో కూడా తెలియదు. ఎవరిదో నీకు రాయను. రాసినా చూపించినట్టే అనిపిస్తోంది.

ఆ ఉద్యోగం నాకు కావాలి అన్నయ్యా. చాలా కావాలి. ఏం చేయను?

మైథిలి


విజయవాడ,
నవంబర్ 23

మైథిలీ,

ఇందులో ఆలోచించడానికేముంది? బెంగళూరులో కూర్చున్నవాడికి హుస్సేనీ ఆలంలో ఎవరు తెలుసు? నేనైతే చూడనుగాక చూడను. సీల్ వేసి పంపు, అలాగే కంపెనీకి పంపేస్తాను. నీ జీవితం గురించి కూడా కాస్త ఆలోచించుకో. గడువు ముప్ఫయ్యో తారీకు.

రఘురామ్


జల్‌పల్లి,
డిసెంబర్ 2

ప్రియమైన అన్నయ్యకు,

నీ మీద కోపం లేదు. నీ ఉత్తరం చదివి సీల్ వేశాను కూడా. కొరియర్ ఆఫీసు దాకా వెళ్లి, స్కూటీ హుస్సేనీ ఆలం వైపు తిప్పాను.

బేగం గారికి కార్డు ఇచ్చి జరిగింది చెప్పాను. ఆవిడ మొదట అడిగింది ఒక్కటే.

"ఇంకెవ్వరికన్న సూపెట్టినవా?"

"లేదండీ."

"మస్తు కోపమొస్తుంది బిడ్డా నీ మీద. నా మాట మీదనే గద నలుగురు నిన్ను ఇంట్లకి రానిచ్చిన్రు!"

తలొంచుకుని ఏడ్చేశాను. ఇన్నాళ్లు ఎందుకు దాచుకున్నావని అడిగితే, కార్డు కెమెరాలో వేసి ఆ ఫొటో చూపించాను. అది ఆవిడదే. కెమెరా కళ్లకు దగ్గరగా పట్టుకుని చూసి, "నా నికా అయినంక ఫొటోల పడ్డది గిదే," అంది. తర్వాత రెండో కార్డు కూడా కొంగున ముడేసుకుంది.

"ఎండాకాలంల చిన్నదాని నికా ఉంది. నువ్వే రా. గీసారి రెండు కార్డులు నా చేతులనే పెట్టు."

ఆ ఫొటో ఎలా వచ్చిందో మా అన్నయ్యకు చెప్పొచ్చా అని అడిగాను. ఆవిడ, "ఫొటో ఇయ్య. నోటితోటి చెప్పుకో, పో," అంది.

కాబట్టి చెబుతున్నాను. కూతురి చుట్టూ అందరూ పాడుతున్నారు. బేగం గారు తలుపు చాటున ఒంటరిగా నిలబడి ఉంది. చేతికి పసుపు, తుడుచుకోవడం మరిచిపోయింది. చెయ్యీ తలుపూ దుపట్టా అన్నీ మసకే. స్పష్టంగా ఉన్నది ఒక్క కన్ను, దాని అంచున ఇంకా జారని నీటిబొట్టు. ఫోకస్ రింగు ఇంకో వెంట్రుకవాసి తిప్పి ఉంటే అది కనిపించేది కాదు.

కంపెనీ గడువు దాటిపోయింది, బాధగానే ఉంది. లెన్సు మాత్రం వెనక్కి అడగకు, ఇవ్వను.

ఇంకొకటి. అప్పగింతలప్పుడు కూడా తను ఏడవలేదని బేగం గారు చుట్టాలందరికీ చెప్పుకుంది. ఆ నీటిబొట్టు సంగతి నువ్వూ ఎవరితోనూ అనకు.

నీ చెల్లెలు
మైథిలి