బైబిచె పొట్టలో నీటితిత్తి

కరాబులక్ ఊరు

పశువుల డాక్టరు ఎసెన్‌కుల్‌కు ఊల్కాన్ అవ్వ దీవించి చెప్పి రాయిస్తున్నది. రాసేది కోడలు జిపార్. తప్పులుంటే దానివి.

నాయనా, మొన్న నా పిల్లి బైబిచె పొట్ట మీద యంత్రం తిప్పి, లోపల కూనలు లేవు, బద్దెపురుగు తిత్తి ఉందన్నావు. పురుటికని నేను ఉన్నిపరుపు కూడా కుట్టాను. సరే, ఆ మాట ఊళ్ళో పాకింది. ఊరిపెద్ద తాష్తాన్ వచ్చి, మనవలకు రోగం అంటుతుంది, గోనెలో కట్టి ఏట్లో వెయ్యమంటున్నాడు. రేపు నా పిండిబస్తాల దగ్గర ఎలుకలు రాకుండా తను కాపలా కూర్చుంటాడా? పిల్లి తప్పేమీ లేదని ముద్ర వేసి పంపు.

ఇప్పటిదాకా నీ మేలు కోరే,
ఊల్కాన్

తా.క. ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరమెందుకంటుంది జిపార్. ఫోనుకు ముద్ర వెయ్యడం వస్తుందా?

*

ఊల్కాన్ అవ్వకు ఎసెన్‌కుల్ నమస్కారాలు.

బైబిచె నిర్దోషి. దాని తిత్తి ఎవరికీ అంటదు. ఆ పురుగు పెరిగేది కుక్క పేగుల్లో. గొర్రెను కోసినప్పుడు తిత్తులున్న ఊపిరితిత్తులు, కాలేయం కుక్కకు పడేస్తారు కదా, అక్కడ మొదలవుతుంది. తర్వాత కుక్క పెంటలోని గుడ్లు గడ్డికీ నీళ్ళకీ చేరి పిల్లికీ మనిషికీ ఎక్కుతాయి. ఊరి కుక్కలన్నిటి పెంటా పరీక్ష చెయ్యాలి. పిల్లిని పంపితే ఆపరేషన్ చేస్తాను.

విధేయుడు,
ఎసెన్‌కుల్

తా.క. ముద్ర రెండుసార్లు వేశాను.

*

నాయనా ఎసెన్‌కుల్, నీ నోట్లో వెన్న పొయ్య.

నీ ఉత్తరం ఊరందరి ముందూ చదివించాను. తాష్తాన్ వేటకుక్క వైపు అందరూ ఒకసారి చూసేలా చేశాను. పురుగు ఎవరి కుక్కలో దొరికితే వాళ్ళు తప్పుకు గొర్రెను కోసి ఊరికి పెట్టాలి, నా పిల్లికి క్షమాపణ చెప్పాలి అన్నాను. తాష్తాన్ కూడా చెయ్యెత్తాడు. పిల్లినీ, అన్ని కుక్కల పెంటనూ పాలబండిలో పంపుతున్నాను. సంచికో రంగు దారం కట్టాను. ఏది ఎవరిదో నీకు చెప్పను, మొహమాటపడతావు.

తీర్పు కోసం చూస్తూ,
ఊల్కాన్

తా.క. దారం లేని సంచిలోవి కురుత్, ఎండుపెరుగు ఉండలు. అవి నీకు. కలిపెయ్యకు.

*

అవ్వా,

కంగారుపడకండి, ఆపరేషన్ బాగా జరిగింది. నారింజపండంత తిత్తి తీశాను. బైబిచె మా సహాయకుణ్ణి గీరింది, అంటే కోలుకుంటోంది. ఈ ఉత్తరంతోనే ఇంటికి పంపుతున్నాను.

ఎర్రదారం కుక్క శుభ్రం, దానికెవరో వేళకు మాత్రలు వేస్తున్నారు. మిగతావీ బాగానే ఉన్నాయి. తెల్లదారం సంచిలో మాత్రం పురుగు గుడ్లు కుప్పలు. ఆ ఇంటివాళ్ళకు మెల్లగా చెప్పండి. పెద్దవాళ్ళయితే నొచ్చుకుంటారు.

మీ
ఎసెన్‌కుల్

తా.క. దారం లేని సంచిని కూడా మావాడు పరీక్షించాడు. "పురుగు లేదు, ఉప్పు ఎక్కువ" అని రాశాడు. దయచేసి మళ్ళీ పంపండి, వేరే బండిలో.

*

డాక్టరుగారికి,

మీ యంత్రం పాడైనట్టుంది. ఎర్రదారం తాష్తాన్ కుక్కది. తెల్లదారం మా కుక్క అక్‌తోష్‌ది.

అయినా కుక్కకేం తెలుసు? వేసింది తింటుంది. తప్పు వేసినవాళ్ళది. ఎవరు వేశారని అడక్కు, నువ్వు డాక్టరువి, పోలీసువి కావు. అక్‌తోష్‌కు గొర్రెకొవ్వులో మాత్ర పెట్టి మింగించాను. గొర్రెను కోశాను, ఊరంతా తిన్నది, తాష్తాన్ రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. ఊపిరితిత్తులను లోతుగా గొయ్యి తీసి పాతి, పైన రాళ్ళు పేర్చాను.

క్షమాపణ మాట కూడా నాదే కదా. ఊరందరి ముందూ కూర్చుని, "తల్లీ, తప్పయింది" అన్నాను. బైబిచె నా వైపు చూడనైనా చూడలేదు. అటు తిరిగి కుట్లు నాక్కుంది.

ఇట్లు,
ఊల్కాన్

తా.క. డాక్టరుగారూ, నేను జిపార్‌ని, అత్తయ్యకు తెలియకుండా రాస్తున్నాను. ఊళ్ళో ఇప్పుడు ఎవరు గొర్రెను కొయ్యాలన్నా ముందు అత్తయ్యకు గొయ్యి చూపించాలి. పార భుజాన వేసుకుని వచ్చి చూస్తుంది. తాష్తాన్ గారి గొయ్యి చాలలేదని మళ్ళీ తవ్వించింది. మీ దగ్గర పాత ముద్ర ఏదైనా ఉంటే పంపకండి. అడిగినా పంపకండి.