నాకు వంతే వచ్చు బాపూ

పదేళ్లు నీ వెనక నిలబెట్టి వంత పాడించావు బాపూ, ఒగ్గు కథ ఎత్తుకోవడం మాత్రం నేర్పకుండానే చచ్చిపోయావు. ఇది అన్యాయం.

ఎల్లారెడ్డి ఊరివాళ్లు సోమవారం రాత్రి కథకు నీ స్థానంలో నన్ను నిలబడమన్నారు. ఆ రాత్రి నుంచే కామారెడ్డి బియ్యం మిల్లులో డ్యూటీకొస్తే పర్మినెంటు చేస్తానన్నాడు సేటు. రోజూ రాత్రి డ్యూటీ అంటే ఇక కథ లేనట్టే.

"కథతోని మీ బాపు ఏం బాగుపడ్డడు? మిల్లుకు పో కొడుకా," అంటోంది అవ్వ.

నిన్న ఇంట్లో కథ మొదలుపెట్టి చూశాను. ఒక్క మాట చెప్పి, అలవాటుకొద్దీ నేనే "ఆహా" అన్నాను.

"ఏంది అన్నా, నీకు నువ్వే వంతనా?" అని చెల్లె పకపకా నవ్వింది. రేపు అంతమంది ముందూ అలాగే అంటే?

నిలబడనా, మిల్లుకు పోనా? సోమవారం తెల్లారేలోపు కలలోకొచ్చి చెప్పు.