అయిదు చుక్కల దెబ్బ

అన్నోజిగూడ,
జనవరి 20.

నా బిడ్డ దుర్గాభవానికి, నానమ్మ సాలమ్మ భయపడుకుంట రాసేది.

నువ్వు బాగున్నవా? నాచారంల మీ రూం ఓనరమ్మ మోకాళ్లు ఎట్లున్నయి? నీతోని ఉండే పద్మశ్రీకి దగ్గు తగ్గిందా? కారు బాగుందా? కారు వెనక టైరు? ఇక్కడ మీ నాయిన కొమురెల్లి బాగున్నడు, ఇప్పటిదాక ఏం కాలేదు. నాకు కుడి కన్ను అదురుతుంది. ఎడమది కూడ అదురుతుంది. అందుకే ఏం జరుగుతదో తెలుస్తలేదు.

ఫోన్ చేస్తే కారు నడుపుకుంట ఎత్తుతవని భయం, అందుకే ఉత్తరం.

నువ్వు పంపిన పేపరు ముక్క చూసిన. ఆడ డ్రైవర్ల మీద బొమ్మల కథ అన్నవు, అందుల ఉన్నది నువ్వే అన్నవు. బిడ్డా, నీ నెత్తి చుట్టూ మూడు చుక్కలు ఎందుకు తిరుగుతున్నయి? ఎక్కడ తాకింది? కారు నాలుగు చక్రాలు భూమికి జానెడు పైన ఉన్నయి. ఉప్పల్ రోడ్డు అంత ఖరాబైందా? జర దవాఖానాకు పో.

నీ మీదనే పాణం పెట్టుకున్న,
సాలమ్మ.

తా.క.: నీ ముక్కు వంకాయంత అయింది. ఉప్పు కాపడం పెట్టు.

*

నాచారం,
జనవరి 26.

నానమ్మకు, మామూలు ముక్కుతోనే ఉన్న దుర్గ రాసేది.

అందరం బాగున్నం. మోకాళ్లు, దగ్గు, టైరు అన్నీ బాగున్నయి. నాకేం తాకలేదు. ఆ బొమ్మలు వేసేది హరిణి మేడం. రోజూ హబ్సిగూడ నుంచి నా కార్లనే ఆఫీసుకు పోతది. బొమ్మల కథల నెత్తి చుట్టూ చుక్కలుంటే ఉలిక్కిపడ్డట్టు. కారు గాలిల ఉంటే జోరుగ పోతున్నట్టు. నెత్తి మీద మబ్బు గీసి మాటలు రాస్తే, అవి మనసుల మాటలు.

అసలు ముచ్చట విను. మా క్యాబ్ కంపెనీల ప్యాసింజర్లు దిగేటప్పుడు డ్రైవరుకు చుక్కలు ఇస్తరు. నాకు అందరూ అయిదు చుక్కలే ఇస్తున్నరు! వచ్చే నెల దాక ఇట్లనే ఉంటే, కొత్తగ వచ్చే ఆడపిల్లలకు డ్రైవింగ్ నేర్పే టీచరమ్మను చేస్తమని మేనేజర్ గిరిప్రసాద్ సార్ మాటిచ్చిండు. నాకు ఆ పని కావాలె నానమ్మా. మస్తు ఆశ పెట్టుకున్న.

ఉంట,
నీ దుర్గ.

తా.క.: జోరుగ అంటే బొమ్మలనే. నిజంగ కాదు. మళ్ల అది పట్టుకోకు.

*

అన్నోజిగూడ,
ఫిబ్రవరి 2.

నా బిడ్డకు, అన్నం సయించక నానమ్మ రాసేది.

జోరు సంగతి పట్టుకుంట, కాని తర్వాత. ముందు చుక్కల సంగతి. మొన్న మూడే ఉండె, ఇప్పుడు అయిదా? దిగేటప్పుడు కొట్టి పోతున్నరా? అందరూనా? ఎవరు ఎక్కువ దెబ్బలు తింటే వాళ్లను టీచరమ్మను చేస్తడా ఆ గిరిప్రసాదు? ముందు ఆయనకు ఎన్ని పడ్డయో అడుగు. మీ నాయినకు చెప్తే 'అది రేటింగమ్మా' అన్నడు. ఆయనకు ఏది చెప్పినా ఇంగ్లీషే.

కొత్త పేపరు ముక్క కూడ చూసిన. వెనక సీట్ల బట్టతలాయన మాట్లాడుతుండు. నీ నెత్తి మీద మబ్బుల 'ఈయన నోరు ఎప్పుడు మూస్తడో' అని ఉంది. మనసుల మాట అంత పెద్ద అక్షరాలతోని నెత్తి మీద పెట్టుకుంటే వెనక కూసున్నాయన చదువడా? అందుకే కొడుతున్నరు!

నువ్వు ఫికర్ చెయ్యకు, నేనున్న. శుక్రవారం మన గల్లీ ఆడోళ్లు మౌలాలి పోతున్నరు, నీ కారే పిలుస్తరు. అందరికీ చెప్పిన: 'చిన్నపిల్ల, నెత్తి మెత్తన, ఒక్క చుక్కతోనే సరిపెట్టుండ్రి' అని. సరేనన్నరు.

నిద్ర లేని
నానమ్మ.

తా.క.: ఆ మబ్బు మీద చున్నీ కప్పుకో.

*

నాచారం,
ఫిబ్రవరి 9.

నానమ్మకు, చెవులల్ల నుంచి పొగ వస్తున్న దుర్గ రాసేది. (ఇది బొమ్మల మాట. నీళ్ల బకెట్ తేకు.)

శుక్రవారం మన గల్లీకి మూడు ట్రిప్పులు కొట్టిన. దిగిన ప్రతి ఒక్కరూ నా తల నిమిరి, 'పాపం పిల్ల' అనుకుంట ఒక్క చుక్క ఇచ్చి పోయిన్రు. రాజేశ్వరమ్మత్త అయితే నా మాడుకు నూనె కూడ పెట్టింది.

చుక్కలంటే మెప్పు నానమ్మా! అయిదు ఇస్తే శభాష్ అన్నట్టు, ఒకటి ఇస్తే ఛీ అన్నట్టు! గిరిప్రసాద్ సార్ పిలిచి, 'ఏం చేసినవమ్మా, గల్లీ గల్లీకే కోపమొచ్చింది?' అన్నడు. చెప్తే నమ్మలే. నీ ఉత్తరాలు ముందట పెట్టిన. చదివిండు, బ్యాగుల పెట్టుకొని పోయిండు. టీచరమ్మ పని పోయినట్టే. నీకు దండం పెడుత, ఇంక నాకు ఏ సాయం చెయ్యకు.

దుర్గ.

తా.క.: నూనె మాత్రం మంచిగుండె. ఏ నూనెనో అత్తను అడుగు.

*

అన్నోజిగూడ,
ఫిబ్రవరి 16.

నా బిడ్డకు, చుక్కలంటే ఏందో తెలిసిన నానమ్మ రాసేది.

తప్పయింది బిడ్డా. రెండు రోజులు ఏడ్చిన. నిన్న మీ గిరిప్రసాద్ సార్ మనింటికే వచ్చిండు. పోలీసాయన అనుకొని మీ నాయినను మంచం కింద దాచిపెట్టిన. సారు 'ఈ ఉత్తరాలు రాసింది మీరేనా అమ్మా?' అని అడిగి, తన కార్ల ఉప్పల్ దాక తిప్పుకొస్త రమ్మన్నడు.

నేనేం ఎక్కువ మాట్లాడలే. 'లారీ' అన్న. 'మెల్లగ' అన్న. 'అద్దంల చూడకు, ముందట చూడు' అన్న. 'ముందటనే కాదు, అద్దంల కూడ చూడు' అన్న. మేడిపల్లి కాడ ఆయన నెత్తి నుంచి అచ్చం బొమ్మల కథల లెక్కనే చెమట చుక్కలు ఎగిరినయి. బోడుప్పల్ కాడ కారు పక్కకు ఆపి, స్టీరింగు మీద తల పెట్టిండు.

'అమ్మా, మీ మనుమరాలు డ్రైవింగ్ ఎట్ల నేర్చుకుంది?' అన్నడు.

'నేను పక్కన కూసుంటేనే' అన్న.

ఆయన తల ఎత్తి, 'అయితే టీచరమ్మ ఆమెనే' అన్నడు.

నాకు కూడ పని ఇచ్చిండు. కొత్త పిల్లలకు ఆఖరి పరీక్ష నేనేనట! నన్ను వెనక సీట్ల కూసోబెట్టుకొని, అన్నోజిగూడ నుంచి నాచారం దాక ఏడ్వకుండ నడిపినోళ్లే పాసు.

పరీక్ష పెట్టేటోళ్ల లెక్క సంతకం పెడుతున్న,
సాలమ్మ.

తా.క.: మొదటి పరీక్ష టీచరమ్మకే పెట్టాలన్న, సారు ఒప్పుకున్నడు. వారం దినాలు నీ రూంలనే ఉంట, ఓనరమ్మ మోకాళ్లకు ఆ నూనె తెస్తున్న. అయిదు చుక్కలు కొంగున ముడేసి పెట్టుకున్న, కాని బ్రేకు గట్టిగ కొడితే ఒకటి విప్పి దాసుకుంట. గల్లీ మలుపు కాడ సంచి పట్టుకొని ఉంట, మెల్లగ రా: ఫిబ్రవరి 26, బేస్తవారం, పొద్దున తొమ్మిదింటికి.